రాఘవమ్మ చెయ్యి అందని చోటు

భద్రాచలం వెళ్లొచ్చానంటే ఎవరైనా ముందు దర్శనం ఎలా జరిగిందని అడుగుతారు. నేను ఏడు లారీ చక్రాలు చూసొచ్చానని చెబితే మా ఆవిడ తల కొట్టుకుంది. ఏం చెయ్యను, నా ఉద్యోగం అలాంటిది. లారీలకు అల్యూమినియం చక్రాలు అమ్మే ఒక చిన్న కంపెనీకి హైదరాబాదులో ఆఫీసుంది. అందులో ఫిర్యాదులు చూసే పని నాది. లారీతో పాటు వచ్చిన ఇనుప డిస్కులు తీసేసి, తేలికగా ఉంటాయనీ మెరుస్తాయనీ జనం విడిగా కొని బిగించుకునే చక్రాలివి. వాటికి మూడేళ్ల వారంటీ. బాగా నడిచినంత కాలం నేనెవరో ఎవరికీ గుర్తుండదు. తుప్పు పట్టిందని ఫోన్ వస్తే సంచీ సర్దుకుంటాను.

అల్యూమినియానికి తుప్పేమిటని మీరు అడగొచ్చు. ఇనుముకు పట్టినట్టు ఎర్రగా పట్టదు. పైపూత కింద తెల్లగా పొంగుతుంది, గిల్లితే పిండిలా రాలుతుంది. అలా ఎందుకైందో కనిపెట్టి, వారంటీ వర్తిస్తుందో లేదో రాయాలి. నిజం ఒప్పుకోవాలంటే, వర్తించదని రాయడానికి ఒక సాకు వెతకడమే నా పని అని ఇరవై ఏళ్లలో అలవాటైపోయింది. ఈ ప్రయాణం నాలుగు రోజులే. కానీ ఆ అలవాటు మీద గట్టి దెబ్బ కొట్టింది.

ఖమ్మం: ముందు టీ, తర్వాతే మాట

రైలు దిగేసరికి సలీం భాయ్ స్టేషన్ బయట కారు పెట్టుకుని నిలబడ్డాడు. ఖమ్మంలో టైర్ల దుకాణం ఆయనది, మా చక్రాలు కూడా అమ్ముతాడు. వాళ్ల తాత ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించేవాడట. నాన్న లారీ టైర్లకు మారాడు. దుకాణంలో కూర్చోబెట్టి టీ, పక్కన ఉప్పు బిస్కెట్లు పెట్టించాడు. నేను ఫైలు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు తాగుండ్రి సార్. పని ఏడికి పోతది."

మాది కడప. మా ఊళ్లో టైర్ల కొట్టుకు పోతే నిలబెట్టే మాట్లాడి నిలబెట్టే పంపిస్తారు. ఇక్కడ రెండు టీలు తాగేదాకా చక్రం అన్న మాటే రాలేదు. రెండో గ్లాసు కింద పెట్టాక సలీం భాయ్ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

అశ్వారావుపేటలో వెంకటేశ్వర్లు అని ఒకాయన ఉన్నాడు. సొంత లారీ, తనే డ్రైవరు. పామాయిల్ గెలలు తోటల నుంచి మిల్లుకు తోలతాడు. ఏడాదిన్నర కింద సలీం భాయ్ దగ్గర ఆరు చక్రాలు, ఒక స్టెప్నీ కొన్నాడు. ఇప్పుడు చక్రాలు తెల్లగా పొంగుతున్నాయి. టైరు కూర్చునే అంచు దగ్గర గాలి పోతోంది. గెలలు కోసిన రోజో మర్నాడో మిల్లు చేరాలి, లేకపోతే నూనె చెడిపోతుంది. వెంకటేశ్వర్లు లారీ రెండుసార్లు లోడుతో దారిలో ఆగింది. ఇద్దరు రైతులు అప్పుడే వేరే లారీని మాట్లాడుకున్నారు. వానలు మొదలయ్యాయి, గెలలు ఎక్కువగా కోసే నెలలివే.

"ఈ సీజన్ గిట్లనే పోతే లారీ అమ్ముతనంటున్నడు సార్," అన్నాడు సలీం భాయ్. "నా మాట మీద కొన్నడు. ఇప్పుడు నాకు ఫోన్ చేసుడే బంద్ చేసిండు. తిట్టినా బాగుండు."

నేను తలూపి, చూద్దాం అన్నాను. ఆ మాట నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

వైరా: చేపముల్లు

మధ్యాహ్నానికి వైరాలో ఆగాం. రిజర్వాయర్ దగ్గర రేకుల షెడ్డు హోటల్లో చేపల పులుసు భోజనం నూట అరవై. మా కడపలో పులుసు పలచగా జారుతుంది. ఇక్కడ గరిటె నిలబడేంత చిక్కగా ఉంది. కారం సంగతి నేను చెప్పను, కడపవాణ్ణి, చెప్తే పరువు పోతుంది. కళ్లు తుడుచుకుంటూనే రెండోసారి వడ్డించుకున్నాను. ఆ ఆత్రంలో ముల్లు గొంతులో ఇరుక్కుంది. హోటలావిడ కంగారేమీ పడకుండా వట్టి అన్నం ముద్ద చేసి చేతిలో పెట్టింది.

"నమలకు, మింగు. రోజుకొకరు ఉంటరు మీ లెక్క."

మింగాను, పోయింది. నీళ్లు తాగి, పులుసు అంత బాగుండడానికి ఏం వేస్తావమ్మా అని అడిగాను. చేప ఎట్లాగూ చేపే, చింతపండే అసలుదని చెప్పింది. జూలూరుపాడు సంతకు అడవి ఊళ్ల నుంచి వస్తుందట.

జూలూరుపాడు: బేరం తప్పింది

ఆ రోజు అక్కడ సంత. వాన పడి వెలిసింది, నేలంతా బురద. అడవి ఊళ్ల ఆడవాళ్లు వరసగా పట్టాల మీద చింతపండు ముద్దలు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే భాష నాకు ఒక్క ముక్క తెలియలేదు. ఎండాకాలంలో చెట్టు దులిపి, గింజ తీసి, ఉప్పు కలిపి దాచిన పండు అది. ఒక ముసలామె ముద్దను వేలితో విడదీసి చూపించింది, లోపల ఎర్రగా తేనెలా మెరిసింది. కిలో నూట నలభై అంది. నేను అలవాటు కొద్దీ నూరన్నాను.

ఆమె ముద్దను నెమ్మదిగా తన రెండో పక్కకు జరిపి పెట్టుకుంది. నూట నలభై ఇస్తానన్నా తల అడ్డంగా ఊపింది. సలీం భాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మీరు వారంటీ క్లెయిమ్ లెక్క మాట్లాడిండ్రు సార్. ఇక్కడ గట్ల నడవది."

ఆయన కొంటే ఇచ్చింది. కారు దగ్గరికి తిరిగొస్తుంటే నా చెప్పు బురదలో కూరుకుని వారు తెగింది. నలభై రూపాయలకు ప్లాస్టిక్ చెప్పులు కొనుక్కున్నాను. మిగిలిన ప్రయాణమంతా వాటితోనే నడిచింది.

అశ్వారావుపేట: శుక్రవారం పని

అక్కడి నుంచి రోడ్డుకు రెండు పక్కలా పామాయిల్ తోటలు. ఆకులు పైన కలిసిపోయి, పగలే మబ్బు పట్టినట్టుంటుంది. సాయంత్రం మిల్లు ముందు క్యూలో వెంకటేశ్వర్లును కలిశాం. నలభై ఏళ్ల బక్కపలచని మనిషి. అందరూ జేబులో పెన్ను పెట్టుకున్నట్టు ఆయన గాలి కొలిచే గేజీ పెట్టుకున్నాడు. సలీం భాయ్‌ని చూసి తల తిప్పుకోలేదు గానీ చెయ్యి కూడా కలపలేదు. లారీ అన్‌లోడు చేసి రేపు ఇంటి దగ్గర చూపిస్తానన్నాడు.

మర్నాడు ఉదయం ఏడింటికి ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. లారీ వాకిట్లో ఉంది. ముందు చక్రం దగ్గర పీట వేసుకుని డెబ్బై దగ్గర పడ్డ ఒకావిడ కూర్చుంది. వెంకటేశ్వర్లు తల్లి, పేరు రాఘవమ్మ. పక్కన దీపపు కుందులు, హారతి పళ్లెం, చెంబు అప్పటికే తోమి బోర్లించి ఉన్నాయి. ఒక గిన్నెలోంచి నల్లటి ముద్ద తీసి చక్రానికి రుద్దుతోంది. నన్ను చూసి మొహమంతా నవ్వింది.

"చక్రాల సారువా బిడ్డా? దా, కూసో. నీ చక్రాలను ఎట్ల చూసుకుంటున్ననో చూడు."

"దేనితో తోముతున్నారమ్మా?"

"చింతపండు, రాళ్ల ఉప్పు. పాతది, నల్లబడ్డది. చారుకు పనికిరాదు గానీ కుందుల మీద ఏస్తే బంగారమే."

"ఎన్నాళ్ల నుంచి?"

"తెచ్చిన కాడి నుంచి. ఒక్క శుక్రం తప్పలే. జొరమొచ్చిన నాడు గూడ తోమిన."

పులుపూ ఉప్పూ కలిసి అల్యూమినియాన్ని తినేస్తాయి. సన్నటి పూత ఎన్నాళ్లు కాస్తుంది? చక్రం బయటంతా తెల్ల మచ్చలు. నా సంచీలో ఉన్న వారంటీ కార్డులో ఐదో షరతు సరిగ్గా ఇదే: పులుపు తగిలితే వారంటీ చెల్లదు. ఇరవై ఏళ్లలో ఇంత సులువైన కేసు నాకు దొరకలేదు. ఒక్క ఫొటో చాలు. ఫోన్ తీశాను. ఫొటో అనగానే ఆవిడ గిన్నె పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, చక్రం మీద చెయ్యి వేసి నిటారుగా కూర్చుంది. నొక్కాను. అప్పటికి నాకు సిగ్గనిపించలేదు, ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది.

తర్వాత చెప్పక తప్పలేదు. వీలైనంత మెత్తగా చెప్పాను. వెంకటేశ్వర్లు తల్లి వంక చూశాడు.

"నీళ్లు పోస్తే చాలని నేననలే అమ్మా?" అని మాత్రం అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

రాఘవమ్మ గిన్నె తీసుకుని ఇంటి వెనక్కి పోయింది. కాసేపటికి కోడలు మాకు ఉప్మా పెట్టింది. అత్తమ్మ తిననంటోందని భర్తతో మెల్లగా చెప్పడం నాకు వినిపించింది. నేను మాత్రం ఉప్మా తిన్నాను, రుచి తెలియలేదు.

సలీం భాయ్ వెంకటేశ్వర్లు పక్కకు చేరి, పాత ఇనుప డిస్కులు ఏం చేశావని అడిగాడు. సారపాకలో తెలిసిన టైరు కొట్లో దాచాడట. అవి మళ్లీ ఎక్కిస్తే లారీ నడుస్తుంది, మెరవకపోతే పోయింది. రేపు పొద్దున్నే పోదామనుకున్నారు. టైర్లు ఊడదీసినప్పుడు చక్రాలను లోపల కూడా చూడాలి కాబట్టి నేనూ వస్తానన్నాను.

ములకలపల్లి మీదుగా

శనివారం పొద్దున లారీ క్యాబిన్‌లో వెంకటేశ్వర్లు, నేను, మా మధ్య రాఘవమ్మ. రాముడికి చెప్పుకోవాలని ఆవిడ బయల్దేరింది. ముందురోజు నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. చేతులు కొంగులో దాచుకుని కూర్చుంది. కుదుపుకు కొంగు తొలగినప్పుడు చింతపండు మరకతో నల్లబడ్డ వేళ్లు కనిపించేవి, మళ్లీ దాచుకునేది. సలీం భాయ్ కారు వెనకే వచ్చింది.

ఆ దారి టేకు అడవి. మలుపుల దగ్గర అడవి ఊళ్లవాళ్లు టేకాకు పొట్లాల్లో పుట్టగొడుగులు అమ్ముతున్నారు. జూలూరుపాడు బుద్ధి వచ్చి, అడిగిన నూరూ ఇచ్చి ఒక పొట్లం కొన్నాను. దాన్ని క్యాబిన్‌లో ఇంజను పక్కన పెట్టి మరిచిపోయాను. సారపాక చేరేసరికి ఉడికి ముద్దయింది.

రెండు చోట్ల గాలి పట్టించుకోవడానికి ఆగాం. రెండోసారి వెంకటేశ్వర్లు దిగాక రాఘవమ్మ నా వైపు తిరిగింది.

"బిడ్డా, దాచకుండ చెప్పు. నా కొడుకు లారీని నా చేత్తోనే పాడు చేసుకున్ననా?"

"లోపల చూడలేదమ్మా ఇంకా," అన్నాను. మోమాటానికి అన్న మాటే అది. మనసులో నా రిపోర్టు అయిపోయింది.

సారపాక: టైరు విప్పాక

గోదావరి వంతెనకు ఇవతలే టైరు కొట్టు. అరవై ఏళ్ల మేస్త్రీ, జబ్బలు ఇంకా గట్టివి. మొదటి టైరు ఊడదీసి చక్రాన్ని పక్కకు దొర్లించాడు. బయట చింతపండు మచ్చలు నేను చూసినవే. లోపల టైరు ఒరుసుకుని కూర్చునే అంచు చుట్టూ చూసి నేను గొంతుక్కూర్చున్నాను. పూత పొంగి, అంచంతా తెల్లటి పట్టీలా లేచింది. గోటితో గీస్తే పొడి రాలింది. గాలి పోయేది ఇక్కడి నుంచే. బయట మచ్చలు చూడ్డానికి వికారం, అంతే. వాటికీ గాలికీ సంబంధం లేదు. టైరు ఉండగా అక్కడికి చింతపండు కాదు, చీమ కూడా పోదు.

"స్టెప్నీ విప్పు," అన్నాను. స్టెప్నీ లారీ అడుగున వేలాడుతుంది, దాన్ని రాఘవమ్మ ఎన్నడూ తోమలేదు. బయట బురద తప్ప ఒక్క మచ్చ లేదు. లోపల అదే తెల్లటి పట్టీ.

నాకేం అర్థం కాలేదు. ఇక మా పూతదే లోపమని రాయాలి. అప్పుడు మేస్త్రీ ఇనుప డిస్కుకు టైరు ఎక్కించడానికి బకెట్టు తెచ్చాడు. నురగ నురగగా ఏదో కలిపి ఉంది. గుడ్డ ముంచి టైరు అంచుకు పూయబోతున్నాడు. సలీం భాయ్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందది అన్నా?"

"సబ్బు పొడి, జెర బట్టల సోడా. టైరు జల్దీ జారుతదిగా. మీరు గూడ ఇదే ఏస్తరుగా భాయ్."

సలీం భాయ్ పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు. నేనూ ఆ బకెట్టు చూశాను గానీ, పులుపులాగే సోడా కూడా అల్యూమినియాన్ని తింటుందన్న సంగతి నాకు తట్టలేదు. ఆయన నోరు మూసుకుని ఉంటే ఆ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు, తప్పు కంపెనీ మీదికి పోయేది, వెంకటేశ్వర్లుకు కొత్త చక్రాలు వచ్చేవి.

"సార్, మా దుకాణంలో గూడ ఇదే," అన్నాడు. "మా నాయిన నాటి నుంచి ఇదే. ఇనుముకు ఏం కాదు. దీనికైతదని నాకు తెల్వదు. ఈ ఏడు టైర్లు నేనే నిలబడి ఎక్కించిన. రాసుకోండ్రి."

లేచి కొట్టు బయట బల్ల మీద కూర్చున్న రాఘవమ్మ దగ్గరికి పోయాడు. "పెద్దమ్మా, నీ చెయ్యి కాదు. నా చెయ్యి."

ఆవిడ నమ్మలేదు. వచ్చి చక్రం ముందు కూర్చుని, లోపలి అంచు వెంట వేలు పెట్టి చుట్టూ తిప్పింది. వేలికి తెల్లటి పొడి అంటింది. ఆ పొడిని చాలాసేపు చూసుకుంది.

"ఈడికి నా చెయ్యి యాడ పోతది," అంది. తర్వాత కళ్లు ఒత్తుకుంది. తర్వాత సలీం భాయ్ భుజం తట్టింది. "నువ్వు గూడ తెల్వకనే చేసినవ్ గద నాయినా. లే."

వెంకటేశ్వర్లు ఆ ఇద్దరి వంకా చూసి, నా వైపు తిరిగాడు. "కార్డు నేను చూసిన సార్. అంత ఇంగ్లీషు, చిన్న చిన్న అక్షరాలు. మూడు సంవత్సరాలు అన్న ముక్క దొరికింది, అక్కడికే చదివిన."

ఆ కార్డు అచ్చు వేయించింది నేనే. వెనక వైపు ఖాళీగా ఉంది, తెలుగులో వేద్దామా సార్ అని ప్రెస్సువాడు అడిగాడు. లారీవాళ్లు ఇవన్నీ చదువుతారా, వదిలెయ్ అన్నాను. అంత తేలిగ్గా అనేశాను. ఈ సంగతి అక్కడున్న నలుగురికీ చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. మేస్త్రీ మాత్రం, పొద్దెక్కుతోంది, వట్టి నీళ్లతో ఎక్కించమంటారా అని అడిగాడు.

భద్రాచలం

ఇనుప డిస్కుల మీద లారీ వంతెన దాటింది. గోదావరికి కొత్త నీరొచ్చి ఎర్రగా పారుతోంది. శనివారం కాబట్టి గుళ్లో జనం, నేను బయటే ఉండిపోయాను. నాకు మోకాళ్ల నొప్పి, పైగా మొక్కు నాది కాదు. రాఘవమ్మ దర్శనం చేసుకుని వచ్చి నాలుగు పొట్లాల పులిహోర ప్రసాదం తెచ్చింది. సలీం భాయ్ కళ్లకద్దుకుని తీసుకున్నాడు. అందరం మెట్ల మీద కూర్చున్నాం.

శుక్రవారం పొద్దుటి నుంచి ఆవిడ తిన్న మొదటి ముద్ద అదే. రెండు ముద్దలు తిని ఆగింది.

"పులుపు జెర తక్కువైంది," అంది.

వెంకటేశ్వర్లు నవ్వాడు. ఆ నవ్వు చూడడం నాకు అదే మొదటిసారి. తన పొట్లంలో సగం సలీం భాయ్ ఆకులోకి తోశాడు.

తిరిగొచ్చాక

రిపోర్టు ఫారంలో రెండే గళ్లు ఉంటాయి. వాడకంలో తప్పు, తయారీలో తప్పు. ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. నేను రెండూ వదిలేసి కింద రాశాను: బయటి మచ్చలు చింతపండు వల్ల, గాలి పోయేది బట్టల సోడా వల్ల, రెండూ కూడదని వాళ్లకు అర్థమయ్యేలా మనం చెప్పలేదు, చెప్పనక్కర్లేదన్నది నేను. ఫొటో జత చేయలేదు. అది నా ఫోన్లోనే ఉంది, కొంగు సర్దుకుని నిటారుగా కూర్చున్నావిడ.

మా మేనేజరు నా మీద ఎగిరాడు. నేనూ తగ్గలేదు, నాకూ నోరుంది. పది రోజుల తగువు తర్వాత కంపెనీ నాలుగు చక్రాలు ఇచ్చింది. మిగిలిన మూడూ సలీం భాయ్ తన కొట్లోంచి తీసి, వట్టి నీళ్లతో తనే దగ్గరుండి ఎక్కించాడట. ఇద్దరు రైతుల్లో ఒకరు మళ్లీ వెంకటేశ్వర్లునే పిలిచారు. లారీ అమ్మే మాట ఇప్పుడు లేదు.

కార్డు వెనక వైపు తెలుగులో వేయడానికి కూడా ఒప్పుకున్నారు, రాసే పని నాకే పడింది. రెండు రోజులు కూర్చుని పొందికగా రాశాను. అచ్చుకు పంపే ముందు అశ్వారావుపేటకు ఫోన్ చేసి రాఘవమ్మను పిలిపించాను. ఆవిడ ముందు నన్నొకటి అడిగింది.

"శుక్రం శుక్రం తడిబట్టతో తుడుస్తున్న బిడ్డా. తుడవొచ్చునా?"

"తుడవండమ్మా. తర్వాత పొడిబట్ట పెట్టండి."

ఆవిడ ఊపిరి పీల్చుకోవడం ఫోన్లో వినిపించింది. ఇక నా కాగితం తీసి, గొంతు సవరించుకుని చదివాను. "చక్రములను ఆమ్ల, క్షార గుణములు గల పదార్థములతో శుభ్రపరచరాదు."



"బాగుంది బిడ్డా. ఆమ్లమంటే ఏంది?"

"చింతపండు, నిమ్మకాయ లాంటివమ్మా."

"రెండోది?"

"బట్టల సోడా."

"మరి గట్లనే రాయొచ్చుగా," అంది.

కాగితం తిప్పి, రెండో వైపు మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాను.